విందుకు వెళ్ళిన గుండిగ

ఆ రోజుల్లో కోనసీమలోని ఒక చిన్న ఆసుపత్రికి నేను సంరక్షణాధికారిని. కట్టడాలు, బావి, దీపాలు, పాత్రలు నా అధీనం. గోదావరి పొంగినా వార్డులోకి నీరు చేరకుండా అరుగులు ఎత్తు చేయించాను. గాలివానకు పెంకులు లేవకుండా సున్నంతో బిగింపజేశాను. ఊరి శుభకార్యాలను తట్టుకొనే ఏర్పాటు మాత్రం ఏ ఇంజనీరింగు గ్రంథంలోనూ కనిపించలేదు.

శస్త్రచికిత్స కత్తులు, గుడ్డలు మరగించడానికి మా వద్ద ఉన్నది ఒకే ఒక పెద్ద రాగి గుండిగ. మరొకటి కావాలని జిల్లా కచేరీకి విన్నవించగా, ఉన్నదానిని సద్వినియోగం చేసుకొమ్మన్నారు. ఆ సలహాను నాకంటె ఊరే శ్రద్ధగా పాటించింది. ఎవరింట విందయినా మా గుండిగ బండెక్కేది.

ఒకనాటి ఉదయం కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీదనుంచి పడిన మనిషిని తెచ్చారు. కాలి ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చింది. వెంటనే శుభ్రపరచి సరిచేయకపోతే కాలు తీసివేయవలసి వస్తుందన్నారు డాక్టరుగారు. చూస్తే గుండిగ లేదు. ఆసుపత్రి సంఘం అధ్యక్షులవారు మనుమడి అన్నప్రాశనకు తెప్పించుకున్నారట.

నేనే వెళ్ళాను. పందిట్లో మొదటి పంక్తి భోంచేస్తున్నది. గుండిగలో పులుసు ఇంకా మరుగుతున్నది.

"గుండిగ ఇప్పుడే కావాలండీ. ఒక మనిషి కాలు పోతుంది" అన్నాను.

"ఆయ్, పంపించేస్తామండీ. రెండో పంక్తి లేవనివ్వండి. కాలిరిగినవాడు ఎక్కడికీ పారిపోడు కదండీ! ముందు మీరు కూర్చోండి, విస్తరేయిస్తాను" అన్నారు అధ్యక్షులవారు.

వంటబ్రాహ్మణుడు గరిటెతో అడ్డు నిలిచాడు. "చింతపండేసి తోమి, పసుపునీళ్ళు చల్లి మడిలో పెట్టేనండి. మీ ఆసుపత్రి చెయ్యి తగిల్తే పులుసంతా మైలండి బాబూ!"

గొంతు పెంచడం నాకు అలవాటు లేదు. ఆనాడు పెంచాను. "మొన్న ఇందులో ఏమి మరిగించామో వినండి. ఒకాయన వీపున రాచపుండు కోసిన కత్తులు, ఆ చీము తుడిచిన గుడ్డలు!"

పంక్తి మొత్తం ఒక్కసారిగా లేచింది. "ముందు చెప్పొద్దాండీ? రెండు మాట్లు మారడిగేనండీ!" అని ఒక పెద్దాయన నా మీదనే మండిపడ్డాడు.

పులుసు అరటిచెట్ల మొదట్లోకి పోయింది. అధ్యక్షులవారి మనుషులే గుండిగను పరుగున తెచ్చి మా వాకిట దించారు. ఈసారి ఎవరికీ మడి గుర్తుకు రాలేదు. తోమించి నీళ్ళు మరగించాము. కాలు దక్కింది.

శుభకార్యంలో అశుభం పలికినందుకు సంఘం సమావేశమై నన్ను మందలించింది. గుండిగను ఇకపై బయటికి పంపరాదని తీర్మానించవలసిందిగా నేను కోరాను. అందుకు తీర్మానమెందుకన్నారు అధ్యక్షులవారు. దానిని అడిగే ఇల్లు ఇప్పుడు తాలూకాలోనే లేదట.