గ్రీజు కింద నీలం దారం

2022లో, జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లోని మా ఫొటో స్టూడియో తరఫున, మా వంశంలో ఎవరి వల్లా కాని ఘనకార్యం ఒకటి చేశాను. ట్రంకు పెట్టెడు లెన్సులు కొన్నాను. వాటిలో ఒక్కటి కూడా వీధి అవతలి మిఠాయి కొట్టును చూడలేదు. మా తాతది కిరాణా, నాన్నది ఈ స్టూడియో, బాబాయిలిద్దరిదీ గిన్నెల వ్యాపారం. కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఓడిపోని ఇల్లు మాది. ఆ ఇంట్లో పుట్టిన నేను, మూతపడుతున్న ఒక స్టూడియో యజమానిని సాయంత్రం దాకా సతాయించి, ఆయన చెప్పిన ధరను సగానికి దించి, గెలిచానన్న పొగరుతో ఆ పెట్టెను ఆటోలో ఎక్కించుకొచ్చాను. అమ్మినాయన గేటు దాకా వచ్చి పెట్టె ఎత్తడానికి సాయం పట్టాడు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

అవి రేంజ్‌ఫైండర్ లెన్సులు. రేంజ్‌ఫైండర్ అంటే ఫిల్మ్ కెమెరాల్లో ఒక పాత రకం. దాని లోపల అద్దం ఉండదు కనుక లెన్సు ఫిల్ముకు బాగా దగ్గరగా కూర్చుంటుంది. నేను వాడే డిజిటల్ ఎస్సెల్లార్‌లో లెన్సుకూ, బొమ్మ పడే సెన్సర్‌కూ మధ్య ఒక అద్దం లేచి పడుతూ ఉంటుంది. దానికి చోటు కావాలి. ఆ చోటు వల్ల పాత లెన్సు తను ఉండవలసిన చోటుకంటే వేలెడు మందం ముందుకు జరిగిపోతుంది. లెన్సు ముందుకు జరిగిన కొద్దీ దాని చూపు దగ్గరకు వస్తుంది. మామూలు యాభై ఎమ్మెమ్ లెన్సుకైతే జానెడు దూరానికి వచ్చేస్తుంది. జానెడు దాటితే మనిషైనా మబ్బైనా ఒకటే మసక. పెళ్లిళ్లకు పనికిరాదు, పాస్‌పోర్టు ఫొటోలకూ పనికిరాదు.

పోయిన డబ్బును పోనిచ్చే అలవాటు మా ఇంట్లో లేదు. లెన్సు తీసేసినప్పుడు కెమెరా మూతికి పెట్టే ప్లాస్టిక్ మూతను బాడీ క్యాప్ అంటారు. ఒకటి కొని, లేత్ షాపులో దానికి బెజ్జం వేయించి, లెన్సు మర పట్టే ఇత్తడి రింగు అందులో బిగించుకున్నాను. కొన్ని లెన్సుల వెనక భాగం లోపలికి పొడుచుకొస్తుంది, కెమెరా అద్దం లేచేటప్పుడు తగిలి పగులుతుంది. అందుకని వెనక పొట్టిగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. దాంతో నగల దుకాణాలకు ముక్కుపుడకలూ, ఉంగరాల మీది చెక్కడాలూ ఫొటోలు తీసి పెట్టేదాన్ని. జానెడు దూరం నుంచి తీస్తే వస్తువు మీద కెమెరా నీడ పడదు. అందులో ఉన్న మంచి అదొక్కటే.

మరుసటి ఏడాది వానాకాలంలో బాగ్‌బేరా నుంచి నారాయణ అనే తెలుగాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యాడట. ఈయన ఊరి శివారులో ఒక చిన్న రిపేరు షెడ్డులో ఖలాసీ. బరువులకు తాళ్లు చుట్టి క్రేను కొక్కేనికి తగిలించే పనివాళ్లను ఇక్కడ ఖలాసీలంటారు. భుజం మీది తువ్వాలులో, ఇక్కడి మాటలో గమ్చాలో, చుట్టిన వస్తువొకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఉక్కు తీగలు పేనిన తాడు ముక్క. ఒక చివర రంపంతో కోసి ఉంది. రెండో చివర చీపురులా విచ్చుకుని, నల్లటి గ్రీజుతో ముద్దగా ఉంది.

"సెల్లెమ్మా, దీని ఫొటో కావాల. మొబైల్‌తో తీత్తే అంతా మసకే వత్తంది."

"ఏటన్నా ఇది?"

"స్లింగ్. బరువులెత్తే తాడు. రేపు ఇంక్వైరీలో దీన్ని జమా సెయ్యాల. సేసినాక మరి నాకు సూపించరు. ఎంతవుద్ది?"

"మూడొందలు. ప్రింట్లు వేరే."

"మూడొందలేటి? పెళ్లికొడుకు ఫొటోకి కూడా అంత తీసుకోవు కదా నువ్వు."

"పెళ్లికొడుకు సెప్పినట్టు నిలబడతాడన్నా. ఇది నిలబడదు."

కాస్త నవ్వాడు. రెండొందల యాభైకి తెగింది. అప్పుడు జరిగినది చెప్పాడు. నాలుగు రోజుల కిందట గేర్‌బాక్స్ ఒకటి ఎత్తుతుండగా ఈ తాడు తెగి, ఆ గేర్‌బాక్స్ ఆయన కింద పనిచేసే ధనేశ్వర్ అనే హెల్పర్ పాదం మీద పడింది. ధనేశ్వర్ ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. షెడ్డు వాళ్లు నేరం ఈ ఇద్దరి మీదే మోపారు. తాడు మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు ఎత్తారనీ, ఎత్తే ముందు తాడును చూసుకోవలసిన హెల్పర్ చూసుకోలేదనీ వాళ్ల వాదన. అదే ఖాయమైతే ధనేశ్వర్‌కు ఆసుపత్రి ఖర్చు తప్ప పైసా రాదు. నారాయణకు ఉద్యోగం ఉండదు.

"జ్యాదా మాల్ ఉఠాయా అంటన్నారు. ఎత్తలేదు. ఓవర్‌లోడ్ అయి తెగితే తీగ మొన సాగి సన్నబడతాది, తెల్లగా మెరుత్తాది. ఎప్పుడో తెగిపోన తీగైతే మొన బండగా ఉంటాది, తుప్పు పడతాది. అది కనబడాల ఫొటోలో."

గ్రీజును కిరోసిన్‌తో కడుగుదామన్నాను. ఒప్పుకోలేదు. "కడిగితే నువ్వే ఏదో సేసినావంటారు. ఉన్నదున్నట్టు తియ్యి."

ఇలాంటి లెన్సుతో ఫోకస్ రింగు తిప్పి లాభం లేదు. కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి. స్పష్టంగా కనిపించే లోతు వడ్లగింజ మందం కూడా ఉండదు. లెన్సు లోపలి రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, చేత్తో తిప్పి బాగా చిన్నది చేస్తే ఆ లోతు కొంచెం పెరుగుతుంది కానీ తెర చీకటైపోతుంది. కెమెరాను స్టాండుకు బిగించి, టేబుల్ లాంపుకు ట్రేసింగ్ పేపర్ చుట్టి, తాడు ముక్కను మైనం మీద నిలబెట్టాను. మీట నొక్కితే కదులుతుందని టైమర్ పెట్టి తీశాను. ఆయన నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాడు.

మానిటర్ మీద పెద్దది చేసి చూపించాను. మెరిసే మొనలు కొన్నే ఉన్నాయి. చాలావాటి మొనలు బండగా, ఎర్రటి తుప్పుతో ఉన్నాయి.

"ఇదీ," అన్నాడాయన. "ఇదే కావాల." కౌంటర్ మీద రెండు చేతులూ ఆన్చి తల దించుకున్నాడు. ఆ నాలుగు రోజులూ ఆయన సరిగా నిద్రపోలేదని అప్పుడు కనిపించింది.

బొమ్మను ఇంకాస్త పక్కకు జరిపాను. తుప్పు పట్టిన ఒక మొన చుట్టూ సన్నని గీత. సెన్సర్ మీద దుమ్మేమో అనుకుని బ్లోవర్‌తో ఊది, తాడును కొద్దిగా తిప్పి మళ్లీ తీశాను. దుమ్మయితే బొమ్మలో ఉన్నచోటే ఉండిపోతుంది. ఇది తాడుతో పాటు తిరిగింది. ఇంకా పెద్దది చేస్తే నీలంగా కనిపించింది. దారం. సగం బయటికి, సగం గట్టిపడిన గ్రీజు కింద.

"ఇదేటన్నా, దారంలా ఉంది?"

నేను బొమ్మను చిన్నది చేయబోతే వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"కాటన్ వేస్ట్," అన్నాడు చివరికి.

షెడ్డుల్లో చేతులు తుడుచుకోవడానికి వాడే రంగురంగుల దారపు పోగులవి. బరువెత్తే ముందు ఆ పోగులు గుప్పిట్లో పట్టుకుని తాడు పొడవునా తుడవాలట. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ తీగ తెగిందని గుర్తు. ఆ తాడును ఇక వాడకూడదు.

"అయితే తుడిసినారన్నమాటే కదా. మంచిదే."

"తుడిసింది నేను కాదమ్మా. దనేశ్వర్. 'దాదా, పకడ్ రహా హై', పోగు పట్టుకుంటంది అని నన్ను పిలిసి సూపించినాడు. నేనెల్లి సూపర్‌వైజర్‌కి సెప్పినాను. కొత్తది వత్తంది, అందాకా దీంతోనే సలాయించు అన్నాడు. దాని మీద గ్రీజు రాసింది నేనే. ఏటీ అవదురా, ఎత్తు అని ఆడితో అన్నదీ నేనే."

బయట వాన పట్టుకుంది. నాకు తెలిసిన విద్య ఒక్కటే, సరుకులో బాగున్న వైపు తిప్పి చూపించడం. అదే చెప్పాను.

"అన్నా, నీకు కావలసింది తుప్పే కదా. దారం పడకుండా పక్కకి కత్తిరించి ప్రింట్ వేత్తాను. అబద్ధం కూడా కాదు, ఉన్నదాంట్లో ఓ ముక్కే."

"వెయ్యి," అన్నాడు.

రెండు ప్రింట్లు వేసి కవరులో పెట్టిచ్చాను. తీసుకుని బయటికెళ్లి, వాన తగ్గేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. తగ్గింది. ఆయన లేవలేదు. తర్వాత లోపలికొచ్చి కవరు కౌంటర్ మీద పెట్టాడు.

"ఆ దారం ఉన్నది కూడా వెయ్యమ్మా. రెండు."

"అది సూపిత్తే నువ్వు తెలిసే ఎత్తినట్టవుద్ది కదన్నా. నిన్ను ఉంచుతారేటి?"

"ఉంచరు." గమ్చాతో మొహం తుడుచుకున్నాడు. "ఆడు తాడు తుడవలేదంటన్నారు. ఈ దారం కత్తిరించేత్తే, ఆడు తుడిసినాడని ఇంకేటి సెప్తాది?"

"నువ్వున్నావు కదా. నోటితో సెప్పు. ఫొటో ఎందుకు?"

"ఇక్కడ నీతో సెప్పగలిగినాను. రేపు బల్లకి ఆ పక్కన ఆల్లు నలుగురు కూకుంటే సెప్తానో లేదో నాకే తెల్దు. ఫొటో సేతిలో ఉంటే మరి తప్పించుకోలేను."

ఫ్రేము మొత్తం వచ్చేలా, అంచులు కత్తిరించకుండా రెండు ప్రింట్లు వేశాను. స్టూడియో పేరుతో, తేదీతో బిల్లు కావాలన్నాడు. వివరం దగ్గర ఏం రాయమంటావని అడిగాను. "ఏటి తీసినావో అదే రాయి," అన్నాడు. తాడు ముక్క, కడగకుండా తీసినది, అని రాశాను.

దసరా దాటాక మళ్లీ కనిపించాడు, మనవరాలి స్కూలు ఫొటో కోసం. ఇంక్వైరీలో ముందు తుప్పు బొమ్మలు పెట్టి, తర్వాత దారం బొమ్మ తనే ముందుకు తోశాడట. ఓవర్‌లోడ్ మాట వదిలేశారు. ధనేశ్వర్ తన పని తాను చేశాడని ఒప్పుకుని నష్టపరిహారం ఇచ్చారు. సూపర్‌వైజర్‌ను వేరే చోటికి మార్చారు. తెలిసి తెలిసి పాడైన తాడు కట్టినందుకు నారాయణను తీసేశారు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో సరుకు ఎక్కించే దగ్గర రోజుకూలీకి వెళ్తున్నాడు.

"దనేశ్వర్ ఏటన్నాడన్నా?" అని అడిగాను.

"ఏటీ అన్లేదు. ఎల్లినప్పుడల్లా ఆల్లావిడ టీ ఇత్తాది. ఆడు గోడకేసి తిరిగి పడుకుంటాడు. నేను తాగేసి వచ్చేత్తాను."

ఆ తర్వాత నా పనిలో ఒకటి మారింది. దగ్గరి ఫొటోకు ఎవరేం తెచ్చినా, ఏ ముక్క కావాలని ముందుగా అడగను. ఫ్రేము మొత్తం తెర మీద పెట్టి, వాళ్లు చూడడం అయ్యేదాకా పక్కన కూర్చుంటాను. కెమెరా తనకు అందినదంతా తీసుకుంటుంది. కత్తెర పట్టుకునేది మనం. ఆ కత్తెర ఎవరిని కోస్తుందో కత్తిరించేటప్పుడు మనకు తెలియదు. ఆ రోజు నేను సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఇక బిల్లు. ఫొటోకు రెండొందల యాభై. ప్రింట్లు నాలుగు, ఒక్కోటి అరవై చొప్పున రెండొందల నలభై. మొత్తం నాలుగొందల తొంభై. ఆయన ఐదొందల నోటు ఇస్తే పది తిరిగి ఇచ్చాను. పనికిరాకుండా పోయిన ఆ కత్తిరించిన ప్రింట్లకు కూడా డబ్బు తీసుకున్నాను. ఆయన తగ్గించమని అడగలేదు, నేను తగ్గించలేదు. కాగితం, ఇంకు ఖర్చు నూట పది తీసేస్తే మూడొందల ఎనభై మిగిలింది. ధనేశ్వర్‌కు సగం పాదం పోయింది. నారాయణన్నకు ఉద్యోగం పోయింది. ఆ తాడు మీద లాభం చూసుకున్నది నేనొక్కదాన్నే.