మగచేపల్లో గుడ్డు సొన

పెద్దేముల్ మండలంలో, వాగు పక్కన ఒక ఊళ్లో గొర్రెలు కాసుకునే బిచ్చయ్యకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది అంజలి, అత్తగారిల్లు ఆ ఊళ్లోనే. చిన్నది నాగరాణి హైదరాబాదులో చేపల మీద పరిశోధన చేస్తోంది. "గొర్లోళ్ల పిల్లవు, నీకు చేపల ఫికర్ ఎందుకే?" అని ఆటపట్టించేవాడు తండ్రి.

ఆ ఏడు ఆయన నవ్వడం మానేశాడు. మందలో పదకొండు గొర్రెలకు నెలలు నిండకుండానే కడుపులు పోయాయి. పశువుల డాక్టరు నెత్తురు పరీక్ష చేయించి, అంటురోగమేమీ లేదన్నాడు. అవన్నీ తాగేది వాగు నీళ్లే. ఎగువన రసాయనాల డ్రమ్ములు కడిగే షెడ్డు ఒకటి వెలిసి రెండేళ్లయింది.

నాగరాణి ఆ నీళ్లు క్యాన్లలో నింపుకుని తాండూరులో బస్సెక్కింది. ల్యాబులో వేలెడంత కూడా లేని చారల చేపల్ని, అన్నీ మగవే, కొన్నిటిని వాగు నీళ్లలో, కొన్నిటిని మంచినీళ్లలో వదిలింది. వారం గడిచినా ఒక్కటీ చావలేదు. మేత వేస్తే ఎగబడి తిన్నాయి. కంటికి తేడాయే కనిపించలేదు. అప్పుడు వాటి కాలేయాలు తీసి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచింది. గుడ్డు సొనకు ముడిసరుకు తయారుచేసే జన్యువు ఒకటుంది. ఆడచేపలకే దానితో పని. మగవాటిలో ఊరికే పడి ఉంటుంది. వాగు నీళ్లలోని మగచేపల్లో అది వందల రెట్లు పనిచేస్తోంది. నమ్మలేక మళ్లీ చేసింది. అదే వచ్చింది. ఆ నీళ్లలో ఏదో ఆడ హార్మోను చేసే పని చేస్తోంది.

కాగితాలు పట్టుకుని తండ్రితో వికారాబాదులో కాలుష్య నియంత్రణ ఆఫీసుకు వెళ్లింది. ఆఫీసరు మొదటి పేజీ చూసి, "చేపలు సచ్చినయా అమ్మా?" అన్నాడు.

"లేదు సార్, కానీ..."

"సావకుంటే నీళ్లు మంచిగున్నట్టే. మాకు గదే లెక్క." కాగితాల మీద ముద్ర వేసి పక్కన పెట్టాడు.

తిరిగి తాండూరు వచ్చి ఆటో ఎక్కారు. ఊరు దగ్గర పడుతుండగా బిచ్చయ్య మెల్లిగా అడిగాడు.

"అక్కకు రెండుసార్లు కడుపు నిలవలే గదా బిడ్డా. వాళ్ల బోరు గూడ వాగు పక్కనే. గందుకేనా?"

"చేపల సంగతైతే చెప్త నాయినా. గొర్లకు గందుకే అయిందని గూడ గట్టిగ చెప్పలేను. అక్క సంగతి నాకు తెల్వది."

"ఇంత సదివి గూడ?"



మరుసటి నెల బిచ్చయ్య మందను బొంరాస్‌పేట వైపు, తోడల్లుడి బీళ్లకు తోలుకుపోయాడు. అంజలి ఎక్కడికి పోతుంది? నాగరాణి వచ్చి ఆ బోరు దగ్గర పరీక్షకు సీసాలు నింపుకుంటుంటే, అంజలి బిందెతో పక్కనే నిలబడింది.

"నీ పరీక్ష అయ్యేదాంక ఏం నీళ్లు తాగాల్నే?"

నాగరాణి సీసాకు మూత బిగించి, మీద తేదీ రాసింది. అంజలి బిందె నింపుకుని లోపలికి వెళ్లిపోయింది.