డాక్టర్ లైల్ పంటి అద్దం

“అర్విన్ చేత్తో నింపిన తూటాల్నే అనుమానిస్తావా? సిగ్గులేదూ?”

“అర్విన్‌ని నేనెక్కడ అనుమానించాను నెవా? తూటాల్ని అనుమానిస్తున్నాను.”

“వాటిని చేసిందెవరు మరి? పోస్టుమేనా?”

“అర్వినే. అందుకే మామూలుకంటే కాస్త తక్కువ అనుమానిస్తున్నాను.”

వంటింట్లో ఈ రభస జరుగుతుంటే కోల్బీ వరండా మెట్లమీద కూర్చుని బురద బూట్లు విప్పుకుంటున్నాడు. అరుస్తున్నది వాళ్ళ నాయనమ్మ నెవా, అర్విన్ భార్య. అరిపిస్తున్నది డాక్టర్ లైల్ ఓస్టర్‌గార్డ్, ఊళ్ళో సగంమంది పళ్ళు పీకి రిటైరైన మనిషి. ఆయన గురించి చెప్పాల్సింది ఒక్కటే. అనుమానం. మనకి ఆకలేసినట్టు ఆయనకి అనుమానం వేస్తుంది. మూడు పూటలా వేస్తుంది, మధ్యలో చిరుతిండిగా కూడా వేస్తుంది.

కెఫేలో చెర్రీపళ్ళు కూరి కాల్చిన ‘పై’ తెచ్చిపెడితే ఫోర్కుతో పైపొర ఎత్తి లోపలికి తొంగిచూస్తాడు. “ఏం డాక్టరుగారూ, చెర్రీలే ఉన్నాయా?” అని వడ్డించే పిల్ల అడిగితే, “ఇప్పటికైతే ఉన్నాయి” అంటాడు. కోల్బీ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి ఇంటికొచ్చిన రోజున ఊరంతా “అయ్యో పాపం” అంటే ఈయన మాత్రం కళ్ళజోడు సవరించుకుని, “నువ్వు మానేశావా, వాళ్ళు మానిపించారా?” అని అడిగాడు. కోల్బీకి అప్పట్నుంచే ఒళ్ళుమంట. అది నిజంగా అడగాల్సిన ప్రశ్న కావడంవల్ల ఇంకా మంట.

అమెరికాలోని ఆ మోంటానా ఊళ్ళో తుపాకి ఉన్న ప్రతివాడూ తన తూటాలు తనే తయారుచేసుకుంటాడు. ఇత్తడి గొట్టంలో తుపాకి మందు కొలిచి పోసి, పైన సీసపు గుండు బిగించడం. కొన్న తూటా పేల్చేవాణ్ణి, పెళ్ళివిందుకి డబ్బా సూపు పట్టుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. అందులో డాక్టర్ లైల్ పద్ధతే వేరు. ఆయన గరాజులో త్రాసులు రెండు. రెండోది మొదటిదాన్ని కనిపెట్టుకుని ఉండటానికి. బల్లమీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి. మిగతావి కారు డిక్కీలో, కారు వీధిలో, తాళంచెవి ఆయన జేబులో. నింపిన గొట్టాలన్నీ వరసగా నిలబెట్టి, గుండు బిగించేముందు ఒక్కొక్కదాంట్లోకి టార్చి వేసి, పాత పంటి అద్దం పెట్టి చూస్తాడు. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? “ఊఁ, నోరు తెరువు” అని గొణుగుతాడు కూడా.

ఒకసారి కోల్బీయే కదిపాడు. “డాక్టరుగారూ, నెట్‌లో ఒకాయన మీ కొలతకంటే ఘాటైంది చెప్పాడు. గుండు గీత గీసినట్టు పోతుందట.”

“ఆయన్ని చూశావా?”

“నెట్‌లో అన్నాను కదా.”

“చేతివేళ్ళు లెక్కపెట్టావా?”

“అబ్బా, డాక్టరుగారూ...”

“ముందు లెక్కపెట్టిరా. తర్వాత మాట్లాడదాం.”

తిట్టుకున్నా, విషయం లేకపోలేదు. ఒక్కసారికి ఒకే తూటా పట్టే పెద్ద తుపాకులకి పుస్తకంలో మందు పట్టికలు మూడుంటాయి. తాతలనాటి మెతక ఇనుముకి ఒకటి, మధ్యరకానికి ఒకటి, ఇప్పటి గట్టి ఉక్కుకి ఒకటి. తూటా మాత్రం మూడింట్లోనూ ఒకేలా దూరిపోతుంది, అదే వచ్చిన తంటా. పాత తుపాకిలో ఘాటు తూటా పేలిస్తే గుండు ముందుకి పోతుంది, తుపాకి వెనక్కి మొహంలోకి వస్తుంది. అందుకే డాక్టర్ లైల్ మొదటి పట్టికలో అట్టడుగు కొలత దగ్గర మొదలెట్టి అక్కడే కాపరం పెట్టేస్తాడు. ఆయన గుండు ఎంత నెమ్మదిగా పోతుందంటే, దారిలో పక్షులు దారిస్తాయని తుపాకి క్లబ్బులో జోకు.

అందుకే ఏటా జూన్‌లో జరిగే గురి పోటీలో ఆయనది రెండో స్థానం. మొదటిది కోల్బీ తాత అర్విన్‌ది. తాత మార్చిలో పోయాడు. ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఏడు పోయిన సభ్యుడి తుపాకితో, అతను తన చేత్తో నింపి ఉంచిన తూటాతో, ఇంటివాళ్ళు పోటీలో మొదటి గుండు పేల్చాలి. కొండవాలున గురికోసం నిలబెట్టిన ఇనప దున్నబొమ్మకి అది తగిలి ఠంగుమంటే, మనిషి అవతల క్షేమంగా చేరాడని లెక్క. ఆ ఠంగు వినడానికే నెవా మార్చినుంచి ఏడుపు ఆపుకుని కూర్చుంది. తాతది ఆ పాత మెతక ఇనుము తుపాకే, పేల్చాల్సింది కోల్బీ. తాత చివరి చలికాలంలో నింపిన తూటాల పెట్టె వంటింటి అలమరలో ఉంది.

“ఒక్కసారి చూసిస్తాను నెవా.”

“పోయినవాణ్ణి కూడా వదలవా లైల్? గడప దాటు.”

మర్నాడు డాక్టర్ లైల్ క్షమాపణ చెప్పడానికొచ్చాడు. జూన్ ఎండలో, మోకాళ్ళదాకా చలికోటు వేసుకుని. కాఫీ తాగాడు, వాతావరణం బావుందన్నాడు, చెమటలు కక్కుతూ వెళ్ళిపోయాడు. సాయంత్రం కోల్బీ అలమర తీస్తే పెట్టె లేదు.

కోల్బీకి అనుమానించడానికి పెద్దగా శ్రమ పడక్కర్లేకపోయింది. ఏటా రెండో స్థానం. ఆ కుళ్ళు పోయినవాడిమీద తీర్చుకుంటున్నాడు! ఆమాటకొస్తే పోయిన చలికాలమంతా అంతే. తాత కాఫీ కూజా ఎత్తడం ఆలస్యం, ఈయన కప్పుమీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. “ఏంరా, విషం కలిపాననుకున్నావా?” అని తాత. “ఇంకా తేలలేదు” అని ఈయన.

నాయనమ్మకి చెప్పకుండా కోల్బీ ట్రక్కు తీశాడు. గరాజు తలుపు దబ్బున తోశాడు.

“దొంగతనం ఎప్పట్నుంచి మొదలెట్టారు డాక్టరుగారూ?”

“తలుపెయ్యి. గాలికి మందు ఎగురుతుంది.”

బల్లమీద తాత పెట్టె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. డాక్టర్ లైల్ తూటాల్ని ఒక్కొక్కటే సుత్తిలాంటి గొట్టంలో బిగించి, ఠక్కుఠక్కుమని దుంగమీద కొట్టి విప్పేశాడు. గుండ్లు ఒకపక్క, ఇత్తడి ఒకపక్క. ఏ తూటాలో మందు ఆ తూటాదిగా, మఫిన్లు కాల్చే పళ్ళెంలో గుంటకొకటి చొప్పున పోసిపెట్టాడు.

“మా తాత చేసిన ఆఖరి తూటాలవి! మీకు మనసనేది...”

అక్కడ ఆగిపోయాడు కోల్బీ. గుంటలన్నిట్లోనూ మందు అడుక్కి సమంగా ఉంది. చివరి వరసలో ఒకదాంట్లో మాత్రం రెట్టింపు ఉంది.

డాక్టర్ లైల్ చెయ్యి గబుక్కున వచ్చి ఆ గుంటమీద మూతలా వాలింది. “ఇది నేనే పోశాను. పొరపాటున.”

“మీరా? పొరపాటునా?”

“మనిషన్నాక...”

ఆయన అబద్ధమాడటం కోల్బీ ఎప్పుడూ చూడలేదు. అలవాటు లేదని తెలిసిపోతోంది, చెవులు ఎర్రబడ్డాయి. కోల్బీ చూస్తున్నది ఆ చెవుల్ని కాదు, చేతిని. ఆ చెయ్యి తనకి తెలుసు. పోయిన చలికాలంలో తాత పోసిన సంగతి మరిచి, నిండిన కప్పులోనే మళ్ళీ కాఫీ పోసేవాడు. బల్లంతా కాఫీ పారేది, నాయనమ్మ తుడుస్తూ నవ్వేసేది, తాత మొహం పాలిపోయేది. ఈయన వచ్చిన రోజుల్లో మాత్రం కాఫీ పొంగలేదు. అడ్డంగా ఈ చెయ్యి ఉండేది.

“నాయనమ్మకి...”

“మీ నాయనమ్మకి నేను దొంగని. అలాగే ఉండనీ.”

ఇద్దరూ పనిలో పడ్డారు. విప్పిన మందు నెవా గులాబీల మొదట్లోకి ఎరువుగా వెళ్ళిపోయింది. తాత ఇత్తడి, తాత పోతపోసిన సీసం, కొత్త డబ్బాలోంచి మొదటి పట్టిక అట్టడుగు కొలత మందు, వీటితో తూటాలు మళ్ళీ తయారయ్యాయి. త్రాసులు రెండూ ఒకే మాట చెప్పాయి. “కూడబలుక్కున్నాయేమో” అని డాక్టర్ లైల్ మళ్ళీ తూచాడు. కోటు వేసుకునే వెళ్ళి పెట్టె అలమరలో పెట్టొచ్చాడు.

పోటీనాడు కోల్బీ గుండు పేల్చాడు. ఏం కాలేదు. ఇంకా ఏం కాలేదు. జనం మొహమొహాలు చూసుకుంటుండగా కొండమీంచి ఠంగుమని మోగింది.

నెవా ఏడుస్తూ నవ్వుతూ డాక్టర్ లైల్ మీదికి వెళ్ళింది. “విన్నావా అనుమానపు పక్షీ! అర్విన్ తూటా!”

“గాలి సాయం చేసిందేమోనని...”

“నోర్ముయ్!”

ఆయన బుద్ధిగా నోరు మూసుకున్నాడు. ఆవిడ అటు తిరగ్గానే కోల్బీని ట్రక్కు వెనక్కి లాక్కెళ్ళి, జేబులోంచి పంటి అద్దం తీసి చేతిలో పెట్టాడు.

“నేనూ అర్విన్ ఒకే ఈడువాళ్ళం. నా చెయ్యి కూడా ఆ దారే పడుతోందేమోనని అనుమానం. ఇకనుంచి నేను నింపిన గొట్టాలు, గుండు బిగించేముందు నువ్వు చూడాలి.”

“కాలేజీ మానేసినవాణ్ణి. నన్ను నమ్ముతున్నారా డాక్టరుగారూ?”

“ఛ, నిన్నెవడు నమ్ముతాడు? నన్ను నువ్వు నమ్మకురా. నేనడిగేది అదే.”