ఎడ్వర్డు సవతి తల్లి వేషం

బెంగళూరు మారతహళ్ళిలో మా పై వాటాలో ఉండే గీతాంజలికి కోపం వస్తే మెట్లు దిగే చప్పుడులోనే తెలిసిపోతుంది. ఆ వారమంతా మెట్లు అదిరిపోతూనే ఉన్నాయి.

కారణం, వెయ్యేళ్ల కిందట ఇంగ్లండును ఏలిన ఒక కుర్ర రాజు. పేరు ఎడ్వర్డు. అతను సవతి తల్లిని చూడటానికి వెళితే, గుర్రం దిగకముందే ఆమె చేతికి పానీయం అందించి, తాగుతుండగా పొడిపించిందట. తర్వాత చర్చి అతన్ని సెయింటును చేసింది. గీతాంజలి వాళ్లబ్బాయి అభిజిత్ చదివే బడికి అతని పేరే పెట్టారు. స్కూల్ డేకి అతని నాటకమే. రాజు వేషం అభిజిత్‌ది. గ్లాసు అందించే సవతి తల్లి వేషం గీతాంజలిది.

"తల్లీకొడుకులు చేస్తే చూసేదానికి బాగుంటాది మ్యాడమ్," అని నాటకం చేయించే వరూధిని మిస్ ఆమెకు ఫోన్ చేసింది.

అభిజిత్‌ను గీతాంజలి కనలేదని బడిలో ఎవరికీ తెలియదు. కన్నతల్లి పోయాక, వాడికి ఆరేళ్లప్పుడు వచ్చిందీమె. వాడు ఇంట్లో "ఆంటీ" అంటాడు. బడి గేటు దగ్గర, తోటి పిల్లల ముందు మాత్రం "అమ్మా" అంటాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె కుందలహళ్ళి ఆఫీసులో మాటలు పడి మరీ పెందలాడే బయలుదేరి వస్తుంది.

"ఆ రాణి చంపించిందో లేదో చరిత్ర రాసినోళ్లకే సరిగ్గా తెలీదంటక్కా. నింద మాత్రం సవతి తల్లికే. అందరూ చూస్తా ఉండంగా ఆ గ్లాసు వాడికి నేనే ఇయ్యాలంట," అని నా దగ్గర చిందులు తొక్కింది.

వీలుకాదని ఒక్క ముక్క చెబితే పోయేది. ఊరుకుంటే ఆమె గీతాంజలి ఎందుకవుతుంది? మరునాడు నన్నూ లాక్కుని బడికి వెళ్లింది. స్టాఫ్ రూములో గొంతు పెంచింది.

"నేను వాడికి సవతి తల్లిని. ఈ వేషం నాకెట్ల ఇస్తారు మీరు?"

మిస్ బిత్తరపోయింది. "నేను ఎంచలేదు మ్యాడమ్. అభిజితే మీ పేరు చెప్పినాడు. ఆ గ్లాసు మా అమ్మ ఇస్తేనే తాగుతా, వేరే ఎవురిచ్చినా తాగను అన్నాడు."

గీతాంజలి వేషం వేస్తానని తలూపింది. నాకు ఆమె మీద ఎంత జాలి వేసిందో అంత ఒళ్లు మండింది. మిస్‌కి నోట్సులు తెచ్చిన అభిజిత్ క్లాసు పిల్లలు అప్పటికే గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

సాయంత్రం గేటు దగ్గర అభిజిత్ పిల్లలందరి వెనకాల వచ్చాడు. ఆమె బ్యాగు అందుకోబోతే ఇవ్వలేదు.

"నేను నాటకం చెయ్యను. పోదాం రండి, ఆంటీ," అన్నాడు.