బాపు చెప్పుల రాయి

తెలంగాణ వచ్చిన యేడు, మోత్కూర్ దిక్కు ఒక రైతుకు బాపు మాటిచ్చిండు. మా గొర్ల మందను ఆ రాత్రి ఆయన చేన్ల పడుకోబెడుతమని, చేనుకు ఎరువైతదని. గా పొద్దున్నే ఒక గొర్రె ఈనింది.

"పచ్చి బాలింత, గంత దూరం ఎట్ల నడుస్తది? రేపు పోదాం," అన్నది అమ్మ.

"మాటిచ్చిన. ఆయన ఎదురుచూస్తుంటడు," అన్నడు బాపు.

బాపుకు ఇచ్చిన మాట పెద్దది, అమ్మకు కండ్ల ముందటి పాణం పెద్దది. అమ్మ గొర్రెపిల్లను కొంగుల చుట్టుకొని మంద వెనుక నడిచింది. పిల్ల వాసనకు తల్లిగొర్రె, దాని వెనుక నేను. ముందు నడిచే బాపు ఒక్కసారన్నా తిరిగి చూడలే. నాకు మస్తు కోపమొచ్చింది. కాని జర దూరం పోంగనే ఆగుతుండె, రాయి పడ్డదని చెప్పు విప్పి దులుపుతుండె. మేం దగ్గరికి రాంగనే మళ్ల నడుస్తుండె. ఎన్నిసార్లు దులిపినా రాయి రాలంగ నేను చూడలే. అమ్మ నవ్వుకున్నది.

ఇప్పుడు అమ్మ లేదు, బాపు లేడు. నా పెనిమిటి సుత మాట తప్పని మనిషే. జెప్పజెప్పన ముందు నడుస్తడు. వెనుక నడుసుకుంట నేను ఆయన చెప్పుల దిక్కే చూస్త. పెండ్లయి ఇన్నేండ్లాయె, ఒక్క రాయన్నా పడదు.