పసుపు పీలిక

మా పెద్దమ్మ చేసే ఎండుచేపల వ్యాపారాన్ని ఎవరైనా చులకన చేస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ వాసనకి ముక్కు మూసుకునేవాళ్లే, వంకాయ కూరలో నాలుగు ఎండు రొయ్యలు పడితే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ లాగిస్తారు. పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. వారం వారం సరుకుతో చీపురుపల్లి సంతకి వచ్చేది. నేను విజయనగరంలో ఒక పెద్ద లాయరు దగ్గర జూనియర్‌గా ఉండేదాన్ని. రెండు వేల పదిహేను, పదహారు ప్రాంతం మాట ఇది.

ఆ ఊరి ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉంది. సంతకి వచ్చే గంపలన్నీ ఒకే వ్యానులో ఎక్కుతాయి, అన్నీ ఒకేలాంటి వెదురు గంపలు. దించేటప్పుడు తగువు రాకుండా ఒక్కొక్కరూ తమ గంపకి ఒక గుడ్డ పీలిక కట్టుకుంటారు. ఒకరి రంగు ఇంకొకరు కట్టరు. అత్త రంగు కోడలికి వస్తుంది. కోడలు లేని ముసలమ్మ పోతే ఏడాది తిరిగేదాకా ఆ రంగు ఎవరూ ముట్టుకోరు. పెద్దమ్మది పసుపు నీళ్లలో ముంచి ఆరేసిన పాత పంచె ముక్క, దానికి రెండు ముళ్లు. వాళ్ల అత్తగారు కట్టిన రంగే అది. కొనేవాళ్లు కూడా మనుషుల మొహాలు చూడరు, పీలికలే చూస్తారు. పసుపు పీలిక గంపలో ఇసుక ఉండదనీ, రొయ్యలకి తలలు తీసి ఉంటాయనీ సంతలో అందరికీ తెలుసు.

జనం ప్యాకెట్లకి అలవాటు పడ్డాక పెద్దమ్మ కూడా రొయ్యల్ని కవర్లలో పోసి అమ్మడం మొదలుపెట్టింది. ప్రతి కవరు మూతికీ పసుపు పీలికే కట్టింది. లేబుల్ మీద పేరు గానీ ఊరు గానీ వేయించలేదు. పీలిక ఉండగా పేరు దండగ అంది. అయితే లేబుల్ బోసిగా ఉందని తన అభిమాన సినిమా హీరో ఫొటో ఒకటి వేయించింది. ఆయన చొక్కా గుండీలు విప్పుకుని, కత్తి పట్టుకుని, ఎవరినో నరికేసేలా చూస్తుంటాడు. కింద 'ఎండు రొయ్యలు' అని ఉంటుంది. అది చూసి నేను పడీ పడీ నవ్వితే పెద్దమ్మ నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

కొన్నాళ్లకి చీపురుపల్లి కొట్లలో వేరే కవర్లు దిగాయి. అక్కడి షావుకారు ఒకాయన వేయిస్తున్నాడు. వాటి మీద హీరో లేడు గానీ పీలిక మాత్రం అచ్చం పెద్దమ్మదే, ముళ్లు కూడా రెండే. లోపల ఇసుక కరకరలాడేది. కొని మోసపోయినవాళ్లు సంతకి వచ్చి పెద్దమ్మనే నిలదీశారు. పెళ్లయిన కొత్తల్నించీ ఆమె దగ్గరే కొంటున్న ఒకావిడ, నువ్వు కూడా ఇలా తయారయ్యావా అని కవరు ఆమె ముందు పడేసి వెళ్లిపోయిందట. పెద్దమ్మ ఆ రోజు గంప సర్దేసి తిన్నగా నా గదికి వచ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మా ఊల్లో అయితే పెద్దలు పిలిసి పీలిక ఇప్పించీసీవోరు. ఈడు మా ఊరోడు కాడు. ఈడికి ఎవలు సెప్తారే? మా అత్త నా సేతిలో ఎట్టిన పీలిక నా సేతిలోనే సెడిపోతన్నాది."

మర్నాడు ఆమెని మా సీనియర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఓపిగ్గా విన్నారు. గుర్తుని రిజిస్టర్ చేయించుకుంటే మంచిదే గానీ, చేయించకపోయినా చట్టం చేతులు కట్టుకుని కూర్చోదన్నారు. ఒక గుర్తుతో ఏళ్ల తరబడి పేరు తెచ్చుకున్న మనిషి సరుకే ఇది అనిపించేలా ఇంకొకరు అమ్మితే ఆపించవచ్చన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడాయన పెద్దమ్మ కవరు చేతిలోకి తీసుకున్నారు. ముందు ఈ హీరోని దించండి అన్నారు. ఆ ఫొటో మీద హక్కు సినిమా తీసినవాళ్లది, ఆ మొహం ఆ నటుడిది, అడక్కుండా సరుకు అమ్ముకోవడానికి వాడుకోకూడదని విడమరిచి చెప్పారు.

పెద్దమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. మొదటి ఆటకి కొబ్బరికాయలు కొట్టినవాళ్ల మీద, కటౌట్‌కి పాలు పోసినవాళ్ల మీద ఆ హీరో కేసు పెడతాడా అని దారంతా నా మీద విరుచుకుపడింది. చివరికి నాకూ తిక్క రేగింది.

"షావుకారు నీ పీలిక కట్టుకున్నాడు. నువ్వు హీరో మొహం అంటించుకున్నావు. ఏటి తేడా పెద్దమ్మా?"

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని లేబుళ్లన్నీ ఒలిచాం. చిరగకుండా వచ్చిన హీరోని ఒకణ్ణి తీసి, ఇంట్లో గోడకి అంటించుకుంటే ఎవరికైనా అభ్యంతరమా అని అడిగింది. లేదన్నాక మొహం కాస్త విప్పారింది.

మేం పంపిన నోటీసు అందగానే షావుకారు మా ఆఫీసుకి వచ్చాడు. తెలివైనవాడే. పసుపు ఎవరి సొత్తు, ప్రతి గడపకీ ఉండేది పసుపే కదా అన్నాడు. పసుపు ఎవరిదీ కాదని మా సీనియర్ కూడా ఒప్పుకున్నారు. కానీ ఈ సంతలో ఎండు రొయ్యల మీద రెండు ముళ్ల పసుపు పీలిక ఉంటే అది ఎవరి సరుకో కొనేవాళ్లకి తెలుసన్నారు. అయితే ఎవరితోనైనా చెప్పించండి అన్నాడు షావుకారు. పెద్దమ్మ సొంతవాళ్లు సాక్ష్యం చెబితే లెక్కలోకి తీసుకోననీ, రెండు రోజుల్లో మళ్లీ వస్తాననీ కూడా అన్నాడు. ఊరి ఆడవాళ్లందరినీ రమ్మని కబురు పెట్టాం గానీ, లాయరు గుమ్మం తొక్కడమంటే వాళ్లకి భయం. చెప్పిన రోజుకి షావుకారు వచ్చి కూర్చున్నాడు గానీ, మధ్యాహ్నం దాకా వాళ్లెవరూ రాలేదు. పెద్దమ్మ బెంచీ మీద కొంగు నలుపుకుంటూ కూర్చుంది.

అప్పుడు వచ్చింది, పెద్దమ్మ ఊరిదే, గంపకి ఎర్ర పీలిక కట్టే ఆవిడ. సంతలో నీడపట్టు చోటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నప్పటి నుంచీ ఆవిడకీ పెద్దమ్మకీ మాటల్లేవు. తమాషా చూడ్డానికి వచ్చిందనుకున్నాను. పెద్దమ్మ ఉన్న బెంచీ మీద కూర్చోనని గుమ్మంలోనే నిలబడి, మా సీనియర్‌తో అంది:

"దానికీ నాకూ మాటల్లేవు బాబూ. సచ్చినా మాటాడను. అయినా పసుపు దానిది. దాని అత్త కట్టింది, ఇప్పుడిది కడతన్నాది. దీన్ని పోనిచ్చీస్తే రేపు నా ఎరుపు మాత్రం నిలుస్తాదేటి?"

షావుకారు ఇక వాదించలేదు. పెద్దమ్మతో పొత్తు లేనే లేదని ఆవిడ మొహమే చెబుతోంది. పసుపు గుడ్డ మానేసి నీలం రంగు టేపు వేసుకుంటానని రాసిచ్చి, సణుక్కుంటూ వెళ్లిపోయాడు. నాకైతే గెంతులెయ్యాలనిపించింది.

పీలిక గుర్తుని రిజిస్టర్ చేయించడానికి దరఖాస్తు రాయమని మా సీనియర్ నాకు చెప్పారు. నేను కాగితం తీశాను. ఎర్ర పీలిక ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది, కదలడం లేదు. పెద్దమ్మ ఆవిడ వైపు చూడకుండా, గోడకేసి చూస్తూ నాతో అంది:

"ముందు దాని ఎరుపు రాయే. నాది తర్వాత రాద్దువు గానీ."

గుమ్మంలో ఆవిడ గొంతు సవరించుకుంది. ఉత్త ఎరుపు కాదనీ, పండుమిరపకాయ ఎరుపనీ రాయమంది, అదీ నాకే చెబుతున్నట్టు. ఇద్దరివీ రాసి వేలిముద్రలు వేయించాను. బస్టాండుకి ఒకే ఆటోలో, ఒకే సీటు మీద కూర్చుని వెళ్లారు, మాట్లాడుకోకుండానే.