వెర్నీస్ హాల్కోమ్ వాన కోట్లు

వెర్నీస్ హాల్కోమ్ లెక్కలో ఏ రోజైనా వాన పడే రోజే. ఆకాశం అద్దంలా మెరుస్తున్నా సరే, సైనికుడెవడైనా యూనిఫాంలో షాపు గడప దాటబోతే వెనక నుంచి కేక వినిపించేది.

"ఆగు నాయనా, వాన పడుతుంది. కోటు వేసుకెళ్లు."

సైనిక శిబిరం గేటుకి ఎదురుగా ఆవిడ డ్రైక్లీనింగ్ షాపు. పద్నాలుగేళ్లుగా అక్కడ ఇస్త్రీ చేస్తున్నాను. లోపల ఎప్పుడూ ఆవిరి. ఆ తెల్లటి మసకలో వేలాడే యూనిఫాంలు నిద్రలో నడిచే మనుషుల్లా మెల్లగా ఊగుతుంటాయి. గుమ్మం పక్కన ఇరవై రెండు మేకులు, వాటికి పొడుగాటి బూడిదరంగు వాన కోట్లు.

ఒక జూలైలో, రోడ్డు మీద తారు కరుగుతున్న రోజున, ఒక సార్జెంటు మొత్తుకున్నాడు.

"అమ్మా, రెండు నెలలుగా చుక్క లేదు!"

"అందుకే ఇవాళ పడుతుంది."

"రేడియోలో లేదన్నారు."

"రేడియోకి మోకాళ్లున్నాయా? నావి పొద్దుట్నుంచీ లాగుతున్నాయి."

పాపం, మెడదాకా గుండీలు పెట్టుకుని బస్టాపుకి నడిచాడు. బస్సెక్కేసరికి చెమటతో ముద్దయిపోయాడు. "తడుస్తాడని చెప్పానా లేదా?" అంది నాతో, గర్వంగా.

శిబిరమంతా ఈవిడ మీద జోకులే. పెళ్లికి పిలిస్తే గొడుగు కానుక తెస్తుందనేవారు. తెచ్చింది కూడా.

కిందటేడు వసంతంలో తాడియస్ ప్రూయిట్ అనే పంతొమ్మిదేళ్ల సైనికుడు నవ్వుతూ కోటు మళ్లీ మేకుకి తగిలించి వెళ్లాడు. బస్టాపు దగ్గర ముగ్గురు అతన్ని పడేసి తన్నారు. వాళ్లెవరో అతనికి తెలియదు, అతనెవరో వాళ్లకి తెలియదు. ఒంటి మీద ఉన్న యూనిఫాం చాలింది వాళ్లకి. ఎడమ చెవికి వినికిడి పోయింది. మామూలు వీధి కొట్లాట కిందే కేసు రాశారు. ఆ తర్వాత తాడియస్ యూనిఫాంలో గేటు దాటడమే మానేశాడు.

మతమో రంగో చూసి కొడితే మా రాష్ట్రంలో శిక్ష ఎక్కువ. ఆ జాబితాలో సైనికుల్నీ చేర్చాలని చట్టసభలో బిల్లు వచ్చింది. సాక్ష్యానికి తాడియస్‌ని పిలిచారు. వెర్నీస్ కూడా పేరు రాయించుకుంది. తోడుగా నేనూ వెళ్లాను. పొగమంచులో బస్సు మూడు గంటలు నడిచింది. పొలాలు కలలో వచ్చినట్టు వచ్చి కరిగిపోయాయి. తాడియస్ యూనిఫాం మీద కోటు, చేతులు దాని జేబుల్లో.

కమిటీ ముందు మనిషికి మూడు నిమిషాలు. వెర్నీస్ మొదటి నిమిషం కిటికీలోంచి మబ్బులు చూసింది.

"అమ్మా, మీ సమయం పోతోంది," అన్నాడు ఒక సభ్యుడు. "నా అనుమానం ఒకటే. ఒంటి రంగు విప్పలేం. యూనిఫాం విప్పేయొచ్చు కదా?"

"విప్పక్కర్లేదు సార్, కప్పినా చాలు. వాన పడుతుందని చెప్పి పంతొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది అదే. మా షాపు నుంచి వెళ్లిన పిల్లాణ్ణి మొదటిసారి కొట్టినప్పుడు ఒక కోటు కొన్నాను. ఇప్పుడు ఇరవై రెండు."

తాడియస్ తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. నేనూ అంతే. పద్నాలుగేళ్లు ఆ కోట్లు ఇస్త్రీ చేసింది నేనే.

"మరి వాన అనడం ఎందుకు?" అన్నాడు ఆ సభ్యుడు.

"కొడతారని చెబితే తల వంచుకుని నడుస్తారు. వాన అంటే నన్ను చూసి నవ్వుకుంటూ వెళ్తారు."

"శిక్ష పెంచితే కొట్టడం మానేస్తారంటారా?"

"కొట్టేవాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణంలో మా వాడు బస్సెక్కేస్తాడు."

మూడు నిమిషాలు అయిపోయాయని ఎర్ర లైటు వెలిగింది.

జూన్‌లో బిల్లు నెగ్గిందన్న వార్త రేడియోలో వచ్చినప్పుడు తాడియస్ షాపులోనే ఉన్నాడు, యూనిఫాంలో. సరిగ్గా అప్పుడే వాన దంచికొట్టింది. పద్నాలుగేళ్లలో ఆవిడ జోస్యం ఫలించి నేను చూసింది ఆ ఒక్కసారే. అతను తనంతట తానే కోటు అందుకున్నాడు. వెర్నీస్ లాక్కుని మేకుకి తగిలించింది.

"ఇదెందుకు?"

"వాన పడుతోందమ్మా!"

"ఏదీ? ఎండ కాస్తుంటేనూ. వెళ్లు, వెళ్లు."

తాడియస్ ఒక్క క్షణం గుమ్మంలో ఆగాడు. తర్వాత తలెత్తుకుని, నవ్వుతూ, నిలువునా తడుస్తూ బస్టాపు వైపు నడిచాడు. వానా ఆవిరీ కలిసిపోయి వీధంతా మా షాపులాగే మసకగా ఉంది.

"యూనిఫాం పాడైపోతుందండీ," అన్నాను.

"పోనీ," అంది వెర్నీస్. "ఇస్త్రీకి నువ్వున్నావుగా."